షెఫీల్డ్ మడతచాకు: మొదటిది ఎంచుకోవడం నుంచి పాతవాటిని గుర్తుపట్టడం దాకా

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన మడతచాకుల మీద మోజు పడ్డవాళ్లు చాలామంది ముందు వేలం సైట్లలో పడతారు. ఫొటోలో జింకకొమ్ము పిడి మెరుస్తూ కనిపిస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది, కొనేస్తారు. తీరా చేతికొచ్చాక చూస్తే బ్లేడు సగానికి సగం అరిగిపోయి ఉంటుంది, స్ప్రింగు చచ్చిపోయి ఉంటుంది. అక్కడితో ఆ ఇష్టం కూడా చల్లారిపోతుంది. నేను చెప్పే దారి వేరు. ముందు ఒక కొత్త చాకు కొనండి. ఖరీదైనది అక్కర్లేదు, ఒక్క బ్లేడు ఉన్నది చాలు. కొన్ని నెలలు జేబులో పెట్టుకుని రోజూ వాడండి. మంచి చాకు ఎలా తెరుచుకుంటుందో, ఎలా మూసుకుంటుందో వేళ్లకు తెలిశాక పాతవాటి వైపు వెళ్లండి. ఈ వ్యాసం ఆ వరసలోనే నడుస్తుంది.

ముందు ఆ ఊరి సంగతి

షెఫీల్డ్ ఇంగ్లండ్‌లో, దక్షిణ యార్క్‌షైర్‌లో ఉంది. డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్‌లీ, రివెలిన్ అనే అయిదు నదులు కొండల మీంచి దిగి అక్కడ కలుస్తాయి. పెద్ద నదులేం కావు. కానీ వాలు ఎక్కువ కాబట్టి నీటి చక్రాలు తిప్పడానికి బాగా పనికొచ్చాయి. సానచక్రాలకు కావలసిన ఇసుకరాయి ఆ చుట్టుపక్కల కొండల్లోనే దొరికేది. అలా కత్తుల పని అక్కడ కుదురుకుంది. 1624లో పార్లమెంటు చట్టంతో హాలంషైర్ (షెఫీల్డ్ ప్రాంతపు పాత పేరు) కట్లర్స్ కంపెనీ, అంటే కత్తుల పనివాళ్ల సంఘం, ఏర్పడింది. పనివాళ్లకు ఎవరి ముద్ర వాళ్లకు ఇవ్వడం, ఆ ముద్రలను కాపాడటం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. పాత చాకు బ్లేడు మొదట్లో మనం వెతికే గుర్తులకు మూలం ఇదే.

1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు తన స్ప్రింగులకు సరైన ఉక్కు దొరక్క, మట్టి మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతి కనిపెట్టాడు. అంతటా ఒకే తీరుగా ఉండే ఉక్కు అది. తర్వాతి తరాల్లో షెఫీల్డ్ చాకులకు పేరు తెచ్చింది ఆ ఉక్కే.

ఒక చాకు ఒక్కరి చేతిలో తయారయ్యేది కాదు. కొలిమి దగ్గర బ్లేడు సాగగొట్టేవాడు ఒకడు, దాన్ని సానబట్టేవాడు ఇంకొకడు, అన్నీ కూర్చి చాకుగా నిలబెట్టేవాడు మరొకడు. వీళ్లలో చాలామంది ఎవరి జీతగాళ్లూ కారు. చిన్న గది అద్దెకు తీసుకుని పెద్ద కంపెనీల ఆర్డర్లు చేసి ఇచ్చేవాళ్లు. ఊళ్లో వీళ్లను ‘లిటిల్ మెస్టర్లు’ అంటారు. సానపట్టేవాళ్ల బతుకు మాత్రం ఘోరం. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయేవాళ్లు. వందేళ్ల నాటి బ్లేడు మీద ఆ నునుపు చూసినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఆ పాత పద్ధతి మన కాలం దాకా నిలబెట్టిన మనిషి స్టాన్ షా. 1926లో పుట్టి 2021లో చనిపోయాడు. కుర్రతనంలో ఇబ్బర్సన్ కంపెనీలో పని నేర్చుకుని, చివరి సంవత్సరాల్లో కెల్హామ్ ఐలాండ్ మ్యూజియంలోని చిన్న వర్క్‌షాపులో కూర్చుని పనిచేశాడు. మడతచాకులు చేతితో చేసేవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో చాలా కొద్దిమందే మిగిలారు. కొత్త చాకు కొంటే ఆ డబ్బు వాళ్లకు చేరుతుంది. మొదటిది కొత్తదే కొనమనడానికి నాకున్న రెండో కారణం ఇది.

చాకు భాగాలు తెలుసుకోండి

ఒక చాకు చేతిలో పెట్టుకుని చదివితే ఇది బాగా అర్థమవుతుంది.

పిడికి రెండు పక్కలా కొమ్ము, చెక్క లేదా ఎముక బిళ్లలుంటాయి. వాటికి లోపలివైపు పల్చటి రేకు ఉంటుంది. దాన్ని లైనర్ అంటారు, ఎక్కువగా ఇత్తడిది. పిడి చివర్లో కనిపించే లోహపు దిమ్మ బోల్‌స్టర్. వీపు వైపు పొడవునా ఉండే ఉక్కు పట్టీ స్ప్రింగు. బ్లేడు తెరిచినా మూసినా దాన్ని అక్కడ నిలబెట్టేది ఆ స్ప్రింగు ఒత్తిడి మాత్రమే. లాకు ఉండదు. బ్లేడు మొదట్లో పదును లేని మందపాటి భాగం టాంగు. తయారీదారు ముద్ర అక్కడే కొడతారు. బ్లేడు పక్కన గోరు పెట్టి లాగడానికి చిన్న గాడి ఉంటుంది. వీటన్నిటినీ కలిపి పట్టుకునేవి పిన్నులు. స్క్రూలు ఉండవు. పిన్ను కొసలను సుత్తితో తట్టి, రాకి, బోల్‌స్టర్‌లో కలిసిపోయేలా చేస్తారు. పని బాగా కుదిరితే పిన్ను ఎక్కడుందో కంటికి కనపడదు.

కొనే ముందు చట్టం

ఇది చదవకుండా ముందుకు వెళ్లొద్దు. ముఖ్యంగా ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్ ప్రకారం, మడిచే చాకు పదును అంచు 3 అంగుళాలకు (7.62 సెం.మీ.) మించకపోతే, లాకు లేకపోతే, ప్రత్యేకంగా కారణం చూపకుండానే జేబులో పెట్టుకోవచ్చు. లాకు పడే చాకును కోర్టులు ఈ మినహాయింపులోంచి తీసేశాయి. అది 2 అంగుళాలదైనా సరే, బయట పెట్టుకుని తిరగాలంటే ‘ఇందుకోసం’ అని చూపించగల సరైన కారణం ఉండాలి. లేకపోతే నాలుగేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం. స్కాట్లండ్‌లోనూ ఇదే 3 అంగుళాల లెక్క. సంప్రదాయ షెఫీల్డ్ చాకుల్లో ఎక్కువభాగం లాకు లేనివే కాబట్టి చట్టానికి బాగా సరిపోతాయి.

‘ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నాను’ అని మాత్రం ఎవరితోనూ, సరదాకి కూడా అనకండి. ఆ ఒక్క మాటతో పళ్లు కోసుకునే చాకు చట్టం దృష్టిలో ఆయుధమైపోతుంది. వీసా మీద ఉన్న విద్యార్థులకు ఇలాంటి కేసు ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. స్కూలు, కోర్టు, స్టేడియం, పబ్బు, క్లబ్బు లాంటి చోట్లకు వెళ్లే రోజు చాకు ఇంట్లోనే ఉంచండి. 18 ఏళ్లలోపువాళ్లకు చాలా దుకాణాలు అమ్మవు, ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీ సమయంలో వయసు రుజువు అడగొచ్చు.

మన దేశంలో ఆయుధాల చట్టం కింద లైసెన్సు లెక్కలోకి వచ్చేవి, బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు. మన చాకు ఆ కొలతకు చాలా దూరం. అయినా ఎన్నికలప్పుడు, పెద్ద ఊరేగింపులప్పుడు పోలీసులు కత్తులు వెంట తెచ్చుకోవద్దని ఉత్తర్వులు ఇస్తుంటారు. ఆ రోజుల్లో అవి పాటించాల్సిందే. మెట్రోల్లో, మాల్స్‌లో, పెద్ద గుళ్లలో తనిఖీ దగ్గర ఆపేస్తారు, చాకు తిరిగి చేతికి రాకపోవచ్చు. విమానంలో అయితే చెక్ ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి. చేతిసంచిలో మర్చిపోతే పోయినట్టే. అమెరికాలో ఉన్నవాళ్లకు రాష్ట్రానికో రూలు, కొన్నిచోట్ల ఊరికో రూలు కాబట్టి మీ ఊరిది చూసుకోండి.

మొదటి చాకు: ఏ ఆకారం?

షెఫీల్డ్ చాకుల ఆకారాలు వందల్లో ఉన్నాయి. తొలిసారి కొనేవాళ్లు చూడాల్సినవి మూడో నాలుగో.

నా ఓటు లాంబ్స్‌ఫుట్‌కే. పదును అంచు సూటిగా గీత గీసినట్టు ఉంటుంది. వెన్ను మాత్రం మొదటి నుంచీ మెల్లగా కిందికి దిగుతూ వచ్చి చివర వాలుగా తెగుతుంది. యార్క్‌షైర్ రైతులూ కూలీలూ వాడిన ఆకారం ఇది. బ్రిటన్ దాటి పెద్దగా కనపడదు కూడా. అంచు సూటిగా ఉండటం వల్ల రాయి మీద నూరడం తేలిక. బల్ల మీద పెట్టి కోస్తే అంచు మొత్తం ఒకేసారి ఆనుతుంది. మొన పొడుచుకునేలా ఉండదు కాబట్టి ఆఫీసులో తీసినా పక్కనున్నవాళ్లు కంగారు పడరు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ నలుగురిలో తిరిగేవాళ్లకు చాలా ముఖ్యం.

షీప్స్‌ఫుట్‌కూ సూటి అంచే. కానీ వెన్ను చివరిదాకా తిన్నగా వచ్చి ఒక్కసారిగా గుండ్రంగా దిగిపోతుంది. పడవ మీద తాళ్లు కోసేవాళ్లు వాడిన చాకులు ఈ రకం. స్పియర్ పాయింట్‌కు మధ్యలో మొన ఉంటుంది, పళ్లు కోయడానికి, గింజలు తీయడానికి బాగుంటుంది. బార్లో చాకుకు బోల్‌స్టర్ బాగా పొడుగు, పిడిలో మూడో వంతు దాకా లోహమే. బిగుతైన పిడి కావాలంటే అది చూడండి. అంట్లు కట్టడం, మొక్కలు కత్తిరించడం మీ పనైతే కొడవలిలా వంగిన బ్లేడు ఉన్న ప్రూనింగ్ చాకు కొనుక్కోండి. తోటపనివాళ్ల చాకుల్లో సేనార్ అనే పేరు పాతకాలం నుంచీ ఉంది.

రెండు మూడు బ్లేడులున్న చాకులు మొదట వద్దు. బ్లేడులు పక్కపక్కనే రాసుకోకుండా పట్టడానికి వాటిని కాస్త వంచాల్సి వస్తుంది. అందులో మంచి పనితనానికీ చెడ్డ పనితనానికీ తేడా తెలియాలంటే ముందు ఒంటి బ్లేడు చేతికి అలవాటు కావాలి.

ఉక్కు సంగతి. కార్బన్ స్టీలే తీసుకోండి. త్వరగా పదునెక్కుతుంది, మనం చూసుకోకపోతే తుప్పు కూడా త్వరగానే పడుతుంది. స్టెయిన్‌లెస్‌ కూడా షెఫీల్డ్‌దే, 1913లో హ్యారీ బ్రియర్లీ అక్కడే కనిపెట్టాడు. సముద్రం పక్కన ఉండేవాళ్లు, చాకు తుడిచే ఓపిక లేనివాళ్లు అది తీసుకున్నా తప్పులేదు.

కొత్తది కొనడం, వచ్చాక పరీక్షించడం

షెఫీల్డ్‌లో ఇప్పటికీ మడతచాకులు చేస్తున్నవాళ్లలో ఎ. రైట్ అండ్ సన్ (1947 నుంచి), కంటి గుర్తు ఉన్న టేలర్స్ ఐ విట్నెస్ ఉన్నాయి. జోసెఫ్ రాడ్జర్స్, జార్జ్ వోస్టెన్‌హోమ్ అనే పాత పెద్ద పేర్లు ఇప్పుడు ఎగింటన్ కుటుంబ కంపెనీ చేతిలో ఉన్నాయి. వీళ్లు కాక ఒంటరిగా పనిచేసే పనివాళ్లున్నారు. వాళ్ల దగ్గర ధర ఎక్కువ, కొన్నిసార్లు ఆర్డర్ ఇచ్చి ఎదురుచూడాలి.

ఇవన్నీ చేతిపని. ఒకే రోజు ఒకే బల్ల మీద తయారైన రెండు చాకుల మధ్య కూడా తేడా ఉంటుంది. కాబట్టి డబ్బా తెరవగానే వాడటం మొదలుపెట్టకుండా ఈ పరీక్షలు చేయండి. తిరిగి పంపాలంటే అప్పుడే పంపాలి.

1. చాకు మూసి ఉండగా వెలుతురు వైపు పట్టుకుని స్ప్రింగుకూ లైనర్‌కూ మధ్య చూడండి. సన్నటి గీతలా వెలుగు కనిపిస్తే అది పనిలో లోపం. కొద్దిగా అయితే సర్దుకోవచ్చు, గోరు దూరేంత అయితే వద్దు.

2. గోరు గాడిలో పెట్టి మెల్లగా తెరవండి. మొదట బిగుతుగా ఉండి, సగం దాటాక దానంతట అదే వెళ్లి టక్కుమని కూర్చోవాలి. మూసేటప్పుడూ అలాంటి చప్పుడే రావాలి. గోరు విరిగేంత బిగుతైతే రోజూ వాడలేరు, వదులైతే జేబులో తెరుచుకుంటుంది. రెండోది ప్రమాదం.

3. బ్లేడు తెరిచి, మొన దగ్గర కాకుండా వెన్ను దగ్గర పట్టుకుని అటూ ఇటూ కదపండి. కదలకూడదు.

4. ఇప్పుడు అసలు పరీక్ష. బొటనవేలు స్ప్రింగు చివర, బ్లేడు కలిసే చోట ఆనించండి. తెరిచినప్పుడు ఒకసారి, సగం తెరిచి ఒకసారి, మూసి ఒకసారి అక్కడ వేలు నడపండి. మూడు స్థితుల్లోనూ స్ప్రింగూ టాంగూ ఒకే మట్టంలో, వేలికి మెట్టు తగలకుండా ఉంటే ఆ చాకు కూర్చినవాడు మంచి పనివాడు. కూర్చేటప్పుడు తాత్కాలికంగా పిన్ను పెట్టి, తెరిచి మూసి, ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి, విప్పి, ఆకురాయితో కాస్త రాకి, మళ్లీ పెట్టి చూస్తేనే ఆ మట్టం వస్తుంది. మూడు చోట్లా కుదరడం చాలా కష్టం. తెరిచినప్పుడూ మూసినప్పుడూ కుదిరి, సగంలో కొద్దిగా ఎత్తు తగిలితే వాడుకకు అది మంచి చాకే.

5. చివరగా, బ్లేడు మూసుకునేటప్పుడు పదును లోపలి స్ప్రింగుకు తగులుతోందేమో చూడాలి. పల్చటి కాగితం ముక్క పిడి గాడిలో పెట్టి చాకు మామూలుగా మూయండి. కాగితం తెగితే అంచు తగులుతోంది. అలాంటప్పుడు టప్పున మూయకుండా వేలితో ఆపుతూ మూసుకోవాలి. లేకపోతే పదును మధ్యలో చిన్న నొక్కు పడుతుంది.

వాడకానికి సిద్ధం చేయడం

కొత్త చాకు కీలులో సాన పొడి, పాలిష్ మురికి ఉంటాయి. చాకును తలకిందులుగా పట్టుకుని కీలులో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, పదిహేను ఇరవైసార్లు తెరిచి మూసి, బయటికొచ్చిన నల్ల నూనె గుడ్డతో తుడవండి. నూనె తెల్లగా వచ్చేదాకా ఇలా చేయండి. కొబ్బరినూనె, వంటనూనె వాడొద్దు. కొన్ని వారాలకు అవి జిగురుగా మారి కీలు పట్టేస్తుంది.

ఫ్యాక్టరీ పదును తరచూ అంతంతమాత్రంగానే ఉంటుంది. నున్నటి సానరాయి మీద నీళ్లు చల్లి, బ్లేడు వెన్నును రాయి నుంచి కొద్దిగా ఎత్తి (సుమారు 20 డిగ్రీలు) అంచును ముందుకు నడుపుతూ నూరండి. రెండు పక్కలా సమానంగా. లాంబ్స్‌ఫుట్‌తో నేర్చుకోవడం తేలిక అన్నది ఇందుకే, అంచు సూటిగా ఉంది కాబట్టి కోణం చెదరదు. అంచు వెంట సన్నటి ముల్లు లేచిందంటే ఆ పక్క అయిపోయినట్టు. పాత తోలు బెల్టు లోపలివైపు మీద, ఈసారి అంచు వెనక్కి ఉండేలా, లాగితే ఆ ముల్లు పోతుంది. కరెంటు సానచక్రం దగ్గరికి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకండి. వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది. ఒకసారి పోయిన గట్టిదనం నూరితే తిరిగి రాదు.

జేబులో

తాళాలు, చిల్లర ఉన్న జేబులో కాకుండా వేరే జేబులో పెట్టండి, లేకపోతే కొమ్ము పిడి గీతలు పడుతుంది. సన్నటి తోలు తొడుగు బాగుంటుంది, కానీ పగలు జేబులో ఉన్నంతసేపే. తోలును శుద్ధి చేయడానికి వాడే రసాయనాలు ఉక్కుకు పడవు, చెమ్మ కూడా పట్టి ఉంచుతుంది. రాత్రికి చాకు బయటకు తీసి పెట్టండి.

వాడండి. పార్సెల్ టేపు, పురికొస, కొరియర్ కవరు, పెన్సిలు, జామకాయ, నిమ్మకాయ, బట్టకు వేలాడే దారం. ఒక జామకాయ కోసి, తుడిచి, మర్నాడు చూస్తే బ్లేడు మీద నీలి బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. అది తుప్పు కాదు. కొత్త ఇనప పెనం వాడగా వాడగా నల్లబడినట్టు, బ్లేడు మీద ఆ పొర ఏర్పడి తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది. గీకి తీసేయకండి. ఎర్రగా, పొడిపొడిగా కనిపిస్తే అది తుప్పు. గుడ్డకు నూనె అద్ది అప్పటికప్పుడు రుద్దేయాలి. మామిడికాయ సొన, చింతపండు, పచ్చళ్లు తగిలితే వెంటనే కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తర్వాతే మూయాలి. తడిగా మూసిన చాకు లోపల స్ప్రింగు మీద పట్టే తుప్పు మనకు కనిపించే సరికే ఆలస్యమవుతుంది.

చేయకూడనివి కొన్నే. మూతలు ఎత్తడానికి, స్క్రూలు తిప్పడానికి బ్లేడు వాడొద్దు. మొనతో గుచ్చి తోసే పనులు వద్దు. లాకు లేని చాకు అలా తోస్తే వేళ్ల మీదకు మూసుకుంటుంది. అంచు మీద కిందికి ఒత్తే కోతకే ఇది తయారైంది.

పాతవి కొనడం: ముద్రలు చదవడం

ఇక్కడే సేకరణ మొదలవుతుంది. టాంగు మీద ఉన్న నాలుగు అక్షరాలు చదవడం వస్తే చాకు వయసు చాలావరకు చెప్పొచ్చు. భూతద్దం, పక్క నుంచి పడే వెలుతురు కావాలి.

జోసెఫ్ రాడ్జర్స్ గుర్తు నక్షత్రం, మాల్టీస్ శిలువ. కట్లర్స్ కంపెనీ ఆ ముద్ర ఇచ్చింది 1764లో. వోస్టెన్‌హోమ్‌ది ‘ఐ ఎక్స్ ఎల్’. ఇబ్బర్సన్‌ది వయొలిన్. ముద్రతో పాటు కిరీటమూ రాజు పేరు అక్షరాలూ ఉంటే ఇంకా మంచిది. ‘వి ఆర్’ అంటే విక్టోరియా, 1837 నుంచి 1901 మధ్య. ‘ఇ ఆర్’ అంటే ఎడ్వర్డ్, 1901 నుంచి 1910. ‘జి ఆర్’ దగ్గర జాగ్రత్త, జార్జ్‌లు అటు 1830కి ముందూ ఉన్నారు, ఇటు 1910 తర్వాతా ఉన్నారు. ఆకారం, పనితనం చూసి ఏ జార్జో తేల్చుకోవాలి.

‘ఇంగ్లండ్’ అనే మాట ఉందా చూడండి. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టంతో అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు తప్పనిసరైంది. అందువల్ల ‘షెఫీల్డ్’ ఒక్కటే ఉండి ‘ఇంగ్లండ్’ లేకపోతే అంతకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువ అంటున్నాను, ఖాయం అనడం లేదు. స్వదేశంలో అమ్మిన సరుకు మీద ఆ మాట తర్వాత కూడా లేకుండా ఉండొచ్చు. ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే అమ్మేవాడు ఎంత విక్టోరియా కాలమన్నా నమ్మకండి, అది 1913 తర్వాతిదే.

మొదలుపెట్టేవాళ్లకు సులువైనవి సైన్యం చాకులు. రెండో ప్రపంచయుద్ధం నాటి వాటిలో మందపాటి బ్లేడు, డబ్బా మూత తీసేది, ముడులు విప్పే లావుపాటి సూది ఉంటాయి, పిడి నల్లటి గళ్లది. తయారీదారు పేరు, సంవత్సరం, వెడల్పు బాణం గుర్తు (బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని తెలిపేది) ముద్రించి ఉంటాయి. సంవత్సరం దాని మీదే ఉంది కాబట్టి ఊహించే పని లేదు. లక్షల్లో చేశారు కాబట్టి ఇప్పటికీ అందుబాటు ధరల్లో దొరుకుతాయి.

నకళ్ల విషయం. రాడ్జర్స్ పేరుకు ఎంత గిరాకీ ఉండేదంటే 1840ల్లోనే ఆ కంపెనీ తన పేరు వాడుకున్న మరో షెఫీల్డ్ సంస్థ మీద కోర్టుకెక్కింది. మన దేశంలోనూ బ్రిటిష్ కాలంలో ఆ పేరు బాగా నడిచింది. పాత ఇళ్లలో తాతల నాటి పెట్టెల్లో, హైదరాబాద్ జుమేరాత్ బజార్ లాంటి పాతసామాన్ల సంతల్లో ఆ పేరున్న చాకు కనిపించొచ్చు. స్పెల్లింగు అక్షరం అక్షరం చదవండి. ‘డి’ అక్షరం లేకుండా ఉన్న పేరు, వంకర టింకరగా పడ్డ నక్షత్రం, టాంగు మధ్యలో కాక ఓ మూలకు కొట్టిన ముద్ర కనిపిస్తే అనుమానించండి.

ఇక స్థితి. ముద్ర ఎంత గొప్పదైనా బ్లేడు మిగలకపోతే నేను కొనను. మూసి ఉన్నప్పుడు బ్లేడు వెన్ను పిడి పైకి ఎంత కనిపిస్తోందో చూడండి. గోటి గాడి దాదాపు పిడి అంచు దగ్గరికి దిగిపోయిందంటే, అంచు మధ్యలో లోపలికి వంగిందంటే ఏళ్ల తరబడి నూరారు. లాంబ్స్‌ఫుట్ అంచు సూటిగా లేకపోతే అదే లెక్క. మొన విరిగితే కొందరు దాన్ని గుండ్రంగా రాకి ‘అసలు ఆకారమే ఇది’ అని అమ్ముతారు. మెరిసిపోతున్న పాత బ్లేడుకు కూడా దూరంగా ఉండండి. యంత్రం మీద పాలిష్ పెట్టినప్పుడు ముద్ర అంచులూ గాడి అంచులూ మొద్దుబారిపోతాయి. నల్లటి మచ్చలతో, పదునైన ముద్రతో ఉన్న చాకు దానికన్నా పది రెట్లు మేలు.

పిడి ఏ పదార్థం?

షెఫీల్డ్‌కూ మన దేశానికీ గట్టి సంబంధం పిడిలోనే ఉంది. వాళ్లు వాడిన గేదె కొమ్ము, కణుజు కొమ్ము, రోజ్‌వుడ్ చాలావరకు మన వైపు నుంచి వెళ్లినవే. గేదె కొమ్ము నల్లగా, నునుపుగా, చేతికి వెచ్చగా ఉంటుంది. ఎండిపోతే చివర్లు లేచి పిన్ను దగ్గర పగులుతుంది. ఏడాదిలో రెండు మూడుసార్లు కొంచెం మినరల్ ఆయిల్ రాసి తుడిస్తే చాలు.

దంతం పిడి ఉన్న చాకులు ఎంత అందంగా ఉన్నా ముట్టుకోకండి. బ్రిటన్‌లో 2018 ఐవరీ చట్టం 2022 జూన్ నుంచి అమలైంది, కొద్దిపాటి మినహాయింపులు తప్ప కొనడం అమ్మడం నిషేధం. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా కఠినం. కణుజు కొమ్ము పిడులను ఇక్కడికి తేవడం కూడా ఇదే చట్టం వల్ల చిక్కు. ఎముక, గేదె కొమ్ము, చెక్క చాలు.

1900 తర్వాతి చవక చాకుల్లో తాబేలు చిప్పలా, ముత్యంలా మెరిసే సెల్యులాయిడ్ పిడులుంటాయి. అది కాలంతో కుళ్లుతుంది. కర్పూరం లాంటి ఘాటు వాసన, పిడి పక్కనున్న లోహం మీద ఉన్నట్టుండి తుప్పు, లైనర్ల మీద పచ్చటి చిలుము కనిపిస్తే మొదలైందన్నమాట. ఆ ఆవిరి పక్కనున్న చాకులను కూడా పాడుచేస్తుంది, పైగా త్వరగా అంటుకునే పదార్థం. అలాంటివి విడిగా, గాలి తగిలే చోట ఉంచాలి.

దాచడం

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల వానాకాలం కార్బన్ స్టీలుకు శత్రువు. బ్లేడుకు పల్చగా మినరల్ ఆయిల్ రాసి, ఒక్కోదాన్ని నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టండి. నెలకోసారి తీసి చూడండి. ప్లాస్టిక్ కవర్లలో నేరుగా చుట్టొద్దు, చెమట పట్టినట్టు తేమ లోపలే నిలుస్తుంది. కొమ్ము పిడులను తినే చిన్న పురుగులున్నాయి. పిడి మీద సన్నటి గాట్లు, పొడి కనిపిస్తే దాన్ని మిగతావాటి నుంచి వెంటనే విడదీయండి.

ప్రతి చాకుకూ ఒక కార్డు రాయండి. ముద్ర మీదున్నది ఉన్నట్టుగా, మూసినప్పటి పొడవు, పిడి పదార్థం, ఎక్కడ కొన్నారు, ఎంతకు. టాంగు రెండు పక్కలా ఫొటో తీయండి. రెండో పక్క చాలామంది మర్చిపోతారు, తయారీదారు పేరు కొన్నిసార్లు అక్కడే ఉంటుంది.

ఏ దారిలో పెంచుకోవాలి

దొరికినదల్లా కొంటే రెండేళ్లలో డ్రాయరు నిండుతుంది, ఏదీ తెలియదు. ఒక్క దారి ఎంచుకోండి. ఒకే ఆకారం వేర్వేరు తయారీదారుల చేతుల్లో ఎలా మారిందో పోగుచేయొచ్చు. లేదా ఒకే కంపెనీ ముద్ర కాలంతో ఎలా మారిందో. లేదా తోటపని చాకులు మాత్రమే. నాకైతే మొదటి రకం ఎక్కువ నేర్పుతుంది. ఐదు లాంబ్స్‌ఫుట్‌లు వరసగా పెట్టి చూస్తే ఒకరు వెన్ను ఎంత ముందుగా దించారో, ఇంకొకరు పిడి ఎంత సన్నం చేశారో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇంగ్లండ్ వెళ్లే వీలుంటే షెఫీల్డ్‌లో కెల్హామ్ ఐలాండ్ మ్యూజియంలోని హాలీ సేకరణకు సగం రోజు కేటాయించండి. అక్కడ పనిముట్లు, సగం చేసి ఆపిన చాకులు చూస్తే కూర్పు ఎలా జరుగుతుందో బాగా అర్థమవుతుంది. 1851 మహాప్రదర్శన కోసం రాడ్జర్స్ వాళ్లు చేసిన 75 బ్లేడుల నార్ఫోక్ చాకు కట్లర్స్ హాల్‌లో ఉంది. ఆ హాలు ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి ఉండదు కాబట్టి, బయల్దేరే ముందే లోపలికి ఎప్పుడు రానిస్తారో కనుక్కోండి.